మూడో మలుపు దాకా

బండి చిట్టా – 1

కొండ మీది సామాను గది వారికి.

బండి ఉన్న ప్రతి దిబ్బవాళ్ళూ చిట్టా రాసి పంపాలని, పంపకపోతే బండి సామాను ఇచ్చేది లేదని మీ ఎగిరే మిషన్ తూనీగతో కబురు చేశారు. సరే, రాస్తున్నాను. నా పేరు దస్తగిరి. మాది ఉప్పుదిబ్బ. సముద్రం లోపలికి వచ్చాక మునగకుండా మిగిలిన మెరక ఇది. బండి నాది కాదు, దిబ్బ అందరిదీ. కానుగ నూనెతో నడిచే పాత డీజిల్ కారు. బాగుచేసేది నేను, నడిపేది మా అక్క లాల్‌బీ.

ఈ బండికి ఉన్న పెద్ద పని కిడ్నీలు చెడినవాళ్ళను మీ దగ్గరికి, రక్తం కడిగే మిషన్ దగ్గరికి చేర్చడం. దాన్ని మేం కడుగుడు అంటాం. కాన్పులకూ పాముకాట్లకూ కూడా ఇదే బండి. మీ తూనీగలు మందు పొట్లాలు మోస్తాయి గానీ మనిషిని మోయలేవు కదా. ఒకప్పుడు కడుగుడికి బండి నిండా జనం వెళ్ళేవారు. ఇప్పుడు మిగిలింది ఇద్దరే. ఒకడు వలలు అల్లే యలమంద. రెండో మనిషి నడిపే మా అక్కే. తన రోగాన్ని తనే నడుపుకుంటూ వస్తుంది.

ఇక లోపం. నిన్న మీ కొండ ఘాటు ఎక్కుతుంటే మూడో మలుపు దగ్గర ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత మీదికి పోయిందట. అక్క బండి ఆపి, చల్లారాక మళ్ళీ ఎక్కించిందట. ఇంటికి రాగానే రేడియేటర్ మూత తీసి చూశాను. నీళ్ళు అంచు దాకా ఉన్నాయి. మా బండి నీళ్ళు తాగదు. ఈ మాట నేను నలుగురిలో గొప్పగానే చెప్పుకుంటాను. కాబట్టి నీళ్ళ లోపం కాదు. ఫ్యాన్ బెల్టు వదులైంది, బిగించాను. మీ సామాను ఏమీ అక్కర్లేదు.

బండి చిట్టా – 2

బెల్టు వల్ల కాదు.

మళ్ళీ మూడో మలుపు దగ్గరే ముల్లు లేచింది. ఈసారి రేడియేటర్ రేకుల మధ్య పట్టిన ఉప్పు పొరను బ్రష్షుతో గీకి, గాలి కొట్టాను. మూతలో రబ్బరు చీలింది, పాత చెప్పు అట్ట కోసి కొత్తది వేశాను. హోసు పైపులు చేత్తో నొక్కి చూశాను, ఎక్కడా మెత్తబడలేదు. బయటి నుంచి చేయగలిగిందంతా చేశాను.

రేడియేటర్‌లో వాన నీళ్ళే పోయాలని నా పట్టు. ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినను. చెలమ నీళ్ళలో ఉప్పూ సున్నమూ ఉంటాయి, ఇంజన్‌కి అవి విషం. వాన నీళ్ళ తొట్టి తాళం నీళ్ళ పెద్ద వజ్రమ్మ దగ్గర ఉంటుంది. పసిపిల్లలకు, బాలింతలకు, కడుగుడు వాళ్ళకు కొలిచి ఇస్తుంది. మిగతా దిబ్బంతా తాగేది చెలమ నీళ్ళే. బండి కోసం డబ్బా పట్టుకుని వెళ్తే ఆవిడ నన్ను చూసే చూపు మీరు చూసి ఉండాల్సింది. అయినా ఒకసారి నింపాక మళ్ళీ అడగాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, బండి తాగదు కాబట్టి.

అక్కకు రోజుకు రెండు చిన్న గ్లాసులు మించి నీళ్ళు తాగకూడదని మీ డాక్టరు చెప్పాడు. నాలుక తడుపుకుని గ్లాసు పక్కన పెడుతుంది. కాసేపాగి మళ్ళీ తడుపుకుంటుంది. ఇది మీకు అనవసరమైన సంగతి అయితే కొట్టేయండి.

బండి చిట్టా – 3

ఈ రోజు థర్మోస్టాట్ విప్పాను. ఇంజన్ వేడెక్కినప్పుడు నీళ్ళకు దారి తెరిచే చిన్న తలుపు అది. తెరుచుకుంటుందో లేదో చూడాలంటే మరిగే నీళ్ళలో వేయాలి. అక్క చారు దించి గిన్నె కడిగి ఇచ్చింది. నేను పొయ్యి ముందు గొంతుకూర్చుని గిన్నెలోకి చూస్తుంటే, "ఉడికిందా, ఇంకాస్త ఉప్పెయ్యనా?" అంది. నీళ్ళు తెర్లుతున్నాయి గానీ అది మాత్రం నోరు తెరవలేదు.

దొంగ దొరికిందని సంబరపడ్డాను. దాన్ని తీసేసి బండి బిగించాను. దిబ్బకూ కొండకూ మధ్య పోటుకు మునిగే చదును మీద ముల్లు అడుగు నుంచి కదల్లేదు. యలమంద పెళ్ళాం పిడికెడు ఎండు రొయ్యలు తెచ్చి పెట్టింది, బండి బాగైనందుకు.

ఘాటు మీద మాత్రం మళ్ళీ అదే మూడో మలుపు. ఈసారి ఆవిరి కూడా చిమ్మింది. ఆగడం వల్ల మీ దగ్గరికి ఆలస్యంగా వచ్చారని, కడుగుడు సగంలోనే ఆపి దింపేశారని అక్క చెప్పింది. పోటు మళ్ళీ రాకముందే చదును దాటకపోతే దారి మునిగిపోతుంది మరి, మీరైనా ఏం చేస్తారు. అక్క మొహం ఉబ్బి ఉంది. నాకు భయం వేసింది. రొయ్యలు వెనక్కి ఇచ్చేద్దామనుకున్నాను, కానీ అప్పటికే తినేశాం.

బండి చిట్టా – 4

బండి తిరుగుతుండగా రేడియేటర్ మీద అరచెయ్యి పెట్టి చూశాను. పైన చెయ్యి పెట్టలేనంత వేడి. కింద చల్లగా ఉంది. నీళ్ళు పైనుంచి కిందికి దిగడం లేదన్నమాట. విప్పి పైతొట్టి ఊడదీస్తే లోపల గొట్టాలు కనబడలేదు. వాటి నోళ్ళన్నీ తెల్లగా పూడిపోయి ఉన్నాయి. మా ఇళ్ళలో చెలమ నీళ్ళు కాచే కుండల అడుగున పట్టే పొక్కు అదే. నేను వాన నీళ్ళు తప్ప పోయని రేడియేటర్‌లోకి ఆ పొక్కు ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాక యలమందను అడిగాను. అతను నీళ్ళు నమిలాడు. అక్కను అడగమన్నాడు.

అప్పుడు తెలిసింది. మా దిబ్బ మీద నాకు తెలియకుండా ఒక ఆచారం పుట్టింది. బండిలో తమ మనిషిని పంపే ఇంటివాళ్ళు ముందే పొలిమేర రాయి దగ్గరికి వెళ్ళి నిలబడతారట. బండి అక్కడ ఆగుతుంది. తాము తాగే నీళ్ళలోంచి ఒక చెంబుడు తెచ్చి, స్వయంగా రేడియేటర్‌లో పోస్తారట. తమ నీళ్ళు తాగిన బండి తమ మనిషిని తిరిగి తెస్తుందని నమ్మకం. నాకు తెలిస్తే తిడతానని రాయి అవతల పెట్టుకున్నారు. కడుగుడికి, కాన్పుకి, దేనికి వెళ్ళినా ఇదే తంతు. ఎన్నేళ్ళుగా జరుగుతోందో ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

"రాయి కాడ బండి ఆపేది నువ్వేనా?" అని అక్కను అడిగాను.

"నేనే."

"మూత తీసేది?"

"అదీ నేనే. వాళ్ళకి తియ్యడం చేతగాదు గదా, చెయ్యి కాల్చుకుంటారు."

నేను నోటికొచ్చినట్టు అరిచాను. నేను నోరు మూసేదాకా ఆగి, ఆవిడ నెమ్మదిగా అంది: "మనిషిని బండెక్కించినాక ఇంటోళ్ళ చేతిలో ఇంకేముందిరా? చెంబుడు నీళ్ళు. వాళ్ళు తాగేదాంట్లోంచే తీసి పోస్తన్నారు. అయ్యి కూడా వద్దంటే, ఏం చేసి పంపాల మనిషిని?"

రేడియేటర్ ముందు కూర్చుని, గొట్టాల నోళ్ళలోని పొక్కును గోటితో గీకాను.

ఇంకో సంగతి కూడా రాయాలి. బండి నీళ్ళు తాగదని కదా చెప్పుకున్నాను. నిండు రేడియేటర్‌లో చెంబుడు నీళ్ళు ఎలా పట్టాయో వెతికితే వాటర్ పంపు కింద సన్నగా కారుతోంది. కారిన చోట తెల్లటి చార ఉంది. ఆ చార నేను రోజూ చూస్తున్నదే. ఇక్కడ తలుపు గొళ్ళేనికీ, తీగ మీద ఆరేసిన చీరకీ, మా కనుబొమ్మలకీ అన్నిటికీ తెల్లటి పొరే కదా. సముద్రపు గాలి అనుకున్నాను. బండి కారుస్తూనే ఉంది, జనం పోస్తూనే ఉన్నారు, నేను నిండుగా ఉందని మురిసిపోతూనే ఉన్నాను.

పంపుకు కొత్త వాషరు కోసుకున్నాను. రేడియేటర్ ఒకటి ఉంటే పంపండి.

బండి చిట్టా – 5

అలాంటి రేడియేటర్ మీ దగ్గర లేదని తూనీగ కబురు తెచ్చింది. టంకం కడ్డీ ఒకటి పంపారు. ఉన్నదే కదా పంపుతారు.

బండి విప్పి ఉన్నందున ఈసారి కడుగుడు తప్పింది. ఒక్కసారికి ఏమీ కాదని అక్కే నాకు ధైర్యం చెప్పింది. ఆవిడకి నేను చెప్పాల్సిన మాట అది.

పొక్కు కరగాలంటే పులుపు కావాలి. దిబ్బ మీద ఇంటింటికీ వెళ్ళి చింతపండు అడిగాను. ఎందుకో చెప్పాను. నేను అరుస్తానని అందరూ తలుపు సందులోంచి చూశారు, కానీ నేను అరవలేదు. అరిచే ఓపిక అక్క దగ్గరే అయిపోయింది. పాత చింతపండు, కొత్త చింతపండు, ఎండిన నిమ్మ చెక్కలు, పచ్చడి జాడీ అడుగున మిగిలిన ఊట, ఏది ఉంటే అది తెచ్చి పోశారు. ఒక ముసలాయన నల్లబడిన చింతపండు ముద్ద తెచ్చాడు. ఆయన భార్య మా బండిలోనే పోయింది, తిరుగుదారిలో. ఆయన పోసిన చెంబు నీళ్ళు కూడా ఈ పొక్కులో ఉండే ఉంటాయి. నేను ఆయన మొహం వైపు చూడలేక ముద్ద తీసుకుని గిన్నెలో వేశాను.

చిక్కటి పులుసు కాచి, వడకట్టి, వేడివేడిగా రేడియేటర్‌లో పోసి వదిలేశాను. పొద్దు వాలేసరికి గోధుమరంగు బురద దిగింది. మళ్ళీ పోశాను. వెదురు పుల్లలు చెక్కి ఒక్కో గొట్టంలోకీ దూర్చి తోశాను. కళ్ళు మండాయి, చేతులు పుల్లబడ్డాయి. దిబ్బంతా చింతపులుసు వాసన వచ్చింది.

వజ్రమ్మ వచ్చి కాసేపు నిలబడి చూసింది. ఇకమీద బండికి కావాల్సిన నీళ్ళు తొట్టిలోంచే ఇస్తానని, పొలిమేర దగ్గర ఎవరూ నీళ్ళు పోయడానికి వీల్లేదని చెప్పింది. మరి మేమేం చెయ్యాలని యలమంద పెళ్ళాం అడిగింది. బండి మీద చెయ్యి వేసి పంపండి, అంది వజ్రమ్మ. వాళ్ళు ఒప్పుకున్నారు గానీ తృప్తి పడలేదు. నేనైనా పడేవాణ్ణి కాదు.

బండి చిట్టా – 6

పొక్కు పోయాక అసలు సంగతి తెలిసింది. లోపల గొట్టాలను ఉప్పు తినేసింది. ఇన్నాళ్ళూ వాటిని కారకుండా పట్టుకుని ఉన్నది ఆ పొక్కే. నీళ్ళు పోయగానే జల్లెడలా చిమ్మింది. మీ టంకం కడ్డీ అయిపోయేదాకా అతికాను. అతకడానికి లోహమే మిగలని గొట్టాలను పట్టుకారుతో నొక్కి, మూసి, వదిలేశాను. అలా దాదాపు సగం గొట్టాలు మూతపడ్డాయి. ఇది సగం రేడియేటర్.

రెండో కడుగుడు కూడా తప్పింది.

అక్క కాళ్ళు ఉబ్బాయి, వేలితో నొక్కితే గుంట అలాగే ఉంటోంది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదని గోడకు ఆనుకుని కూర్చుంటోంది. యలమంద పరిస్థితి ఇంకా అధ్వానం. పెళ్ళాం ఒక చంక, నేను ఒక చంక పట్టుకుంటే గానీ లేవడం లేదు. అతనికి ఇంకా ముప్పై కూడా నిండలేదు. ఇంట్లో పాకే పిల్ల ఉంది.

బండిలో బరువు తగ్గించాలని వెనక తలుపులు, స్టెప్నీ, సామాను పెట్టే రేకు పీకేశాను. చివరికి ఎదర బంపరు కూడా తీసేశాను. అక్క గోడ దగ్గర కూర్చుని చూస్తూ, ఇంకాసేపట్లో చక్రాలు మాత్రమే మిగులుతాయని నవ్వింది. తర్వాత మామూలుగా అడిగింది, ఘాటు ఎక్కుతుందా అని. చదును మీద ఢోకా లేదు, ఘాటు సంగతి చెప్పలేనన్నాను. ఆవిడకి అబద్ధం చెప్పడం నాకు రాదు.

"ఒక మనిషి తగ్గితే ఎక్కుద్దా?"

"ఎక్కుద్దేమో. ఎవర్ని తగ్గిస్తాం?"

"ఎవుర్నీ లేదులే. ఊరికే అడిగినా," అంది.

బండి చిట్టా – 7

ఇది రాయడానికి నాలుగు రోజులు పట్టింది. పద్ధతి ప్రకారం ప్రయాణం ముగిసిన రోజే రాయాలి. రాయలేకపోయాను.

ఆ రోజు నేనే నడిపాను. అక్కకు స్టీరింగ్ తిప్పే బలం లేదు. పొలిమేర రాయి దగ్గర జనం నిలబడి ఉన్నారు. చేతుల్లో చెంబులు లేవు. ఒక్కొక్కరూ వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి పక్కకు తప్పుకున్నారు. ఉప్పు పొర మీద వేళ్ళ అచ్చులు పడ్డాయి. అక్క కిటికీలోంచి ఒక్కొక్కరినీ పేరుతో పలకరించింది. ఎవరికో కోడి గుడ్లు పొదిగించమని కూడా చెప్పింది.

చదును మీద ముల్లు మంచిగానే ఉంది. ఘాటు మొదలవగానే కదిలింది. మొదటి మలుపు దాటేసరికి సగం దాటింది. నాకు తెలిసిన ఉపాయం ఒకటే మిగిలింది. హీటర్. అది ఇంజన్ వేడిని లాగి మనుషుల మీదికి వదులుతుంది. రెండో చిన్న రేడియేటర్ లాగా పనిచేస్తుంది. మండు వేసవిలో, ఊపిరాడని ఇద్దరు రోగులు లోపల ఉండగా హీటర్ వేయాలి. "వెయ్యరా," అని అక్కే చెయ్యి చాపి మీట పూర్తిగా తిప్పింది.

పొయ్యిలో కూర్చున్నట్టు ఉంది. ముల్లు కాస్త దిగింది. రెండో మలుపు దాటాం. మూడో మలుపు ఇంకా రాకముందే వెనక యలమంద పక్కకు ఒరిగిపోయాడు. ముల్లు మళ్ళీ లేచి ఎర్రగీతను తాకింది. మలుపు దగ్గర ఆపాను. అక్కడ కొండ రాయి ఒకటి బయటికి వచ్చి కొంచెం నీడ ఇస్తుంది.

యలమందను కింద పడుకోబెట్టి మొహం తుడిచాను. ఊపిరి ఉంది. ఇంజన్ చల్లారేదాకా ఆగితే కడుగుడు సమయం దాటిపోతుంది. ఆగకపోతే ఇంజన్ పట్టేసి ఇక తిరగదు, అప్పుడు ఇద్దరూ అక్కడే. అక్క అప్పటికే కిందికి దిగి నీడలో రాయికి ఆనుకుని కూర్చుంది.

"వాణ్ణి ఎక్కించుకుని పో. పైన దింపి, నా కోసం రా. ఉత్త బండి దిగడానికి వేడెందుకెక్కుద్ది," అంది.

నేను ఒప్పుకోలేదు. ముగ్గురం ఆగుదామన్నాను. లేదంటే నిన్నే ముందు తీసుకెళ్తానన్నాను. యలమందను ఇక్కడ ఒంటరిగా వదిలితే తెలివి లేని మనిషి, వాంతి అడ్డం పడినా చూసేవాళ్ళుండరని ఆవిడ అంది. నాకు తెలివి ఉంది కదా, నేను కూర్చోగలను కదా అంది. అంతా సరిగ్గానే ఉంది ఆవిడ లెక్క. సరిగ్గా ఉన్నందుకే నాకు ఏడుపొచ్చింది.

"అక్కా, నువ్వు ఆగలేవు."

"ఆగుతాలేరా. నా కోసం తొందరపడి బండిని మరగబెట్టబాక."

బరువు తగ్గుతుందని రేడియేటర్ కోసం తెచ్చిన వాన నీళ్ళ డబ్బా కూడా అక్కడే దింపాను. ఇంజన్ కాసేపు ఊపిరి తీసుకున్నాక యలమందను ముందు సీట్లో కూర్చోబెట్టి, నా తలగుడ్డతో సీటుకు కట్టాను. బండి కదిలింది. ముల్లు ఎర్రగీత నుంచి దిగింది. నాలుగో మలుపు, ఐదో మలుపు, ముల్లు దిగుతూనే ఉంది. హీటర్ ఆపేశాను. అయినా లేవలేదు. పై దాకా బండి ఒక్కసారి కూడా మొరాయించకుండా ఎక్కింది.

యలమందను మీవాళ్ళకు అప్పజెప్పి వెంటనే వెనక్కి తిరిగాను. మీవాళ్ళు ఏదో కాగితం మీద వేలిముద్ర వేయమన్నారు. వేయకుండానే వచ్చేశాను. కావాలంటే ఇప్పుడు వేస్తాను.

మూడో మలుపు దగ్గర అక్క నేను వదిలిన చోటే ఉంది. రాయికి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, తల కొంచెం వాల్చి. నిద్ర పోయిందనుకుని పిలిచాను. దగ్గరికి వెళ్ళి భుజం పట్టుకున్నాక తెలిసింది.

పక్కన డబ్బా మూత తీసి ఉంది. అందులో సగం నీళ్ళు లేవు. రవిక ముందు భాగం తడిసి ఉంది. ఇన్నేళ్ళు నాలుక తడుపుకుని గ్లాసు పక్కన పెట్టిన మనిషి, ఆ నీడలో కూర్చుని కడుపు నిండా వాన నీళ్ళు తాగింది. నేను తిరిగొచ్చేదాకా తాను ఉండదని ఆవిడకి తెలుసో, లేక దాహం ఆపుకోలేకపోయిందో నాకు తెలియదు. తెలిసి తాగిందనే నాకు అనిపిస్తుంది. కనీసం దాహం తీర్చుకుని పోయింది. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఈ నాలుగు రోజులు బతికాను.

ఆవిడను వెనక పడుకోబెట్టుకుని పైకి వెళ్ళాను, యలమందను ఎక్కించుకోవాలి కదా. కడుగుడు అయ్యాక అతను నడిచి వచ్చాడు. వెనక చూసి అక్కడే కూలబడ్డాడు. పోటు వచ్చే వేళ కావడంతో అతన్ని లాక్కొచ్చి ఎక్కించాల్సి వచ్చింది.

బండి చిట్టా – 8

ఈ రోజు మళ్ళీ కడుగుడు రోజు. యలమంద రానన్నాడు. ఆ బండి ఎక్కలేనని, లాల్‌బీకి బదులు తాను బతికి ఉన్నానని గోడవైపు తిరిగి పడుకున్నాడట. పెళ్ళాం పిల్లను చంకన వేసుకుని వచ్చి నాకు చెప్పింది. నేను వెళ్ళాను. ఓదార్చడం నాకు తెలియదు. మా అక్క నిన్ను పైకి చేర్చమంది, ఆవిడ చెప్పిన పని నేను సగంలో వదిలిపెట్టనని చెప్పాను. కాసేపటికి లేచి చొక్కా వేసుకున్నాడు.

చదును దాటాం. ఘాటు మొదలైంది. మొదటి మలుపు, రెండో మలుపు. సగం రేడియేటర్‌కు ఇద్దరు మనుషుల బరువు సరిగ్గా సరిపోయింది. ముల్లు మధ్యలో మేకు కొట్టినట్టు నిలబడి ఉంది. నేను ఈ బండిని చూస్తున్నప్పటి నుంచి అది ఇంత మంచిగా ఎప్పుడూ లేదు. సుత్తి తీసుకుని ఆ గాజు పగలగొట్టాలనిపించింది.

మీకు కావాల్సింది బండి సంగతి కాబట్టి రాస్తున్నాను. ఏ లోపమూ లేదు. సామాను ఏమీ పంపనక్కర్లేదు.

మూడో మలుపు దగ్గర బండి ఆపాల్సిన అవసరం లేదు. అయినా ఆపాను. ఇంజన్ నడుస్తూనే ఉంది, మేమిద్దరం దిగి ఆ నీడలో కాసేపు కూర్చున్నాం.